ముందుగా వచ్చిన తీర్పు

ప్రతికూలమైన ఫలితమును మనుష్యుడు ఎట్లు స్వీకరింపవలెనను ప్రశ్న అనాదిగా ఉన్నదే. అయితే ఆ ఫలితము, చేయవలసిన పని ఇంకను చేతిలో మిగిలియుండగానే వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత జటిలమగుచున్నది. కోత అయిన పిమ్మట గింజ తక్కువైనచో రైతు కళ్ళములో కూర్చుండి దుఃఖింపవచ్చును. నాట్లు వేసిన నెల నాటికే ఎవరో గట్టుమీద నిలిచి "నీకు ఈ యేడు పండునది ఇంతే" అని చెప్పిపోయినచో, ఆ మాటను చెవిలో ఉంచుకొని అతడు కలుపు తీయుట ఎట్లు? పదునేడు, పదునెనిమిది ఏండ్ల పిల్లలను నేడు మనము ఈ స్థితిలోనే నిలుపుచున్నాము.

విజయవాడ పరిసరములలోని జూనియర్ కళాశాలలలో చదువు పిల్లల సంవత్సరమును ఒకమారు గమనింపుడు. ఇంజనీరింగు విద్య కోరువారికి జాతీయ స్థాయిలో జరుగు జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2019 నుండి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహించుచున్నది. కోవిడ్ కాలములో నెలలు తారుమారైనను, సాధారణముగా జనవరిలో ఒక విడత, ఏప్రిల్‌లో ఒక విడత జరుగును. రెండింటిలో మెరుగైన దానినే లెక్కకు తీసికొందురు. మొదటి విడత ఫలితము 2024లో ఫిబ్రవరి 13న, 2025లో ఫిబ్రవరి 11న వెలువడినది. అనగా ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షలు ముంగిట నిలిచిన వారములలో ఈ మొదటి తీర్పు వచ్చి పడుచున్నది. ఇంటర్ మార్కులేమో అల్పమైనవి కావు. ఐ.ఐ.టి., ఎన్.ఐ.టి.లలో చేరుటకు సామాన్య విభాగపు విద్యార్థికి ఇంటర్‌లో నూటికి 75 మార్కులు గాని, తన బోర్డులో మొదటి ఇరువది శాతములో స్థానము గాని ఉండవలెను. ఫిబ్రవరిలో మనస్సు విరిగినవాడు మార్చిలో రసాయనశాస్త్రము వ్రాయలేక, ఏప్రిల్‌లో మిగిలియున్న అవకాశమును కూడ తానే సన్నగిల్లజేసికొనుచున్నాడు.

ఈ ప్రాంతమునుండి అమెరికా దేశమునకు పోయి స్థిరపడిన కుటుంబములలో ఇదే కథ వేరొక రూపమున నడచును. అచ్చట కొన్ని విశ్వవిద్యాలయములు ముందస్తు నిర్ణయము అను పద్ధతిని పాటించును. విద్యార్థి ఒకే ఒక విశ్వవిద్యాలయమును ఎన్నుకొని, "మీరు పిలిచినచో తప్పక మీవద్దనే చేరెదను" అని వాగ్దానపత్రము వ్రాసి, సాధారణముగా నవంబరు ఆరంభములో దరఖాస్తు చేయవలెను. ఆ పత్రముపై విద్యార్థి సంతకమే కాక తల్లి లేక తండ్రి సంతకము, పాఠశాలలోని సలహాదారు సంతకము కూడ ఉండును. కొలంబియా, కార్నెల్, పెన్సిల్వేనియా, బ్రౌన్, డార్ట్‌మత్ వంటి పేరొందిన విద్యాలయములు ఈ పద్ధతిని అనుసరించునవే. డిసెంబరు నడుమ సమాధానము వచ్చును. ఆ సమాధానము మూడు విధములు: రమ్ము అనునది ఒకటి, వద్దు అనునది ఒకటి, తరువాత చెప్పెదము అనునది మూడవది. ఈ మూడవది వచ్చినవారు మార్చి చివరివరకు వేచియుండవలెను. అచ్చటి సాయంకాలము వెలువడిన మాట ఇచ్చట పటమటలోనో, గుడివాడలోనో ఉన్న తాతగారికి తెల్లవారుజామున ఫోనులో చేరును. మనుమరాలు గది తలుపు మూసికొని బయటికి రాలేదని వినిన ఆ వృద్ధుడు పదివేల మైళ్ళ దూరమునుండి ఏమి చెప్పగలడు?

ఈ రెండు పద్ధతులలో ఏది మనుష్యుని ఎక్కువగా గాయపరచునని ఆలోచించినచో ఒక విచిత్రము కనబడును. అమెరికా విశ్వవిద్యాలయము మార్కులను మాత్రమే చూడక వ్యాసములను, ఉపాధ్యాయుల సిఫారసులను, ఆటపాటలను, సేవాకార్యములను చూచి, "నీ సమగ్ర వ్యక్తిత్వమును పరిశీలించితిమి" అని చెప్పి పిమ్మట కాదనును. కాదన్నది తన వ్యక్తిత్వమునే అని పిల్లవాడు తలంచుటలో వింత లేదు. మన పద్ధతి ఇందుకు పూర్తిగా భిన్నము. యంత్రము పిల్లవాని పేరు ఎరుగదు, ముఖము ఎరుగదు, అతడు ఎన్నుకొన్న సమాధానములను మాత్రమే లెక్కించును. వ్యక్తిని చూడనే లేదని ముందే ఒప్పుకొన్న పరీక్ష ఇది. అయినను మన పిల్లలు ఆ సంఖ్యలో తమ వ్యక్తిత్వమంతయు ఇమిడియున్నట్లే కుప్పకూలుచున్నారు. పరీక్ష చెప్పని మాటను పరీక్ష చెప్పినట్లు ఎవరు వినిపించుచున్నారు? ఇల్లు, కళాశాల, బంధువర్గము కలిసి వినిపించుచున్నవని చెప్పక తప్పదు.

ఆ సంఖ్య అసలు ఏమి చెప్పుచున్నదో కొంచెము నిదానించి చూతము. జె.ఇ.ఇ. ఫలితము మార్కులలో కాక పర్సంటైల్ రూపమున వచ్చును, దశాంశ బిందువు తరువాత ఏడు అంకెలతో. తొంబది పర్సంటైల్ అనగా నూటికి తొంబది మార్కులు వచ్చినవని చాలమంది తల్లిదండ్రులు నేటికిని భ్రమపడుచున్నారు. ఆ పూట పరీక్ష వ్రాసినవారిలో నూటికి తొంబదిమంది ఈ పిల్లవానితో సమానముగానో, అంతకు తక్కువగానో తెచ్చుకొన్నారని మాత్రమే దాని అర్థము. 2025లో రెండు విడతలు కలిపి ఈ పరీక్ష వ్రాసినవారు పదునాలుగు లక్షలకు పైబడియున్నారు. కావున తొంబది పర్సంటైల్ వచ్చిన పిల్లవానికి వెనుక పన్నెండు లక్షలమందికి పైగా ఉన్నారు, ముందు లక్షా నలుబదివేలమంది ఉన్నారు. ఇంటిలో వారికి ఆ ముందున్నవారు మాత్రమే కనబడుదురు. అడ్వాన్స్‌డ్ పరీక్షకు అర్హత లభించునది సుమారు రెండున్నర లక్షలమందికి, ఐ.ఐ.టి.లన్నింటిలో కలిపి ఉన్న సీట్లు సుమారు పదునెనిమిది వేలు. పదునాలుగు లక్షలలో పదునెనిమిది వేలను తీసివేసిన పిమ్మట మిగిలినవారందరు ఓడిపోయినవారే యని అనుకొను సమాజము తన పిల్లలలో నూటికి తొంబదెనిమిదిమందిని ముందే ఓటమికి అప్పగించినది. ఇది లెక్క తెలియని తనము. లెక్కలలో ర్యాంకు కొరకు ఇంత ధనము వెచ్చించు మనకు ఇది తగినది కాదు.

మరియొక సూక్ష్మము కలదు. పర్సంటైల్ మన పిల్లవానిని గూర్చి చెప్పునది తక్కువ, పక్కవారిని గూర్చి చెప్పునది ఎక్కువ. నిన్నటికంటె నేడు అతడు ఎంత ఎక్కువ నేర్చుకొన్నాడో ఆ సంఖ్యలో ఉండదు. తానింకను మెరుగుపడినను, ఇతరులు అంతకంటె మెరుగుపడినచో సంఖ్య తగ్గును. 2024లో వైద్యవిద్యకు జరిగిన నీట్ పరీక్ష దీనికి గొప్ప నిదర్శనము. ఆ ఫలితము జూన్ 14న రావలసియుండగా పది దినములు ముందుగా, లోక్‌సభ ఎన్నికల లెక్కింపు జరిగిన జూన్ 4వ తేదీననే వెలువడినది. మొదట 720కి 720 వచ్చినవారు 67 మంది. ఆ పిమ్మట వివాదము సుప్రీంకోర్టుకు పోయినది, భౌతికశాస్త్రములోని ఒకే ఒక ప్రశ్నకు సరియైన సమాధానము ఏదని ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులను అడిగిరి. వారు చెప్పినదానినిబట్టి జూలైలో సవరించిన ఫలితము వచ్చినప్పుడు ఆ 67 మంది 17 మందిగా మారిరి. నాలుగు లక్షలమందికి పైగా విద్యార్థుల మార్కులు తగ్గినవి. ఆ రెండు నెలలలో దాదాపు ఏ పిల్లవాడును తన సమాధానపత్రమును మార్చలేదు, చదివినదానిని మరువనూ లేదు. స్థానము మాత్రము మారినది. జూన్‌లో మేధావి యని పూలదండ వేసినవారు జూలైలో దానిని తీసికొనవలసి యుండెనా?

ఇట్లు వ్రాసినంత మాత్రమున పరీక్షలను నిందించుట నా ఉద్దేశము కాదు. ప్రవేశపరీక్ష లేని దినములలో సిఫారసు లేఖలు, క్యాపిటేషన్ ఫీజులు ఎట్లు రాజ్యమేలెనో పెద్దవారికి తెలియును. కానూరులో 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసిన పిమ్మట ప్రైవేటు సాంకేతిక విద్య ఈ రాష్ట్రమున విస్తరించినది. 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించు చట్టము వచ్చినది, 1986 నుండి ఎంసెట్ నడచినది. దివిసీమలోని కౌలురైతు కుమార్తె, బెజవాడలోని కాంట్రాక్టరు కుమారుడు ఒకే ప్రశ్నపత్రము ముందు కూర్చుండుట చిన్న విషయము కాదు. సీట్లు తక్కువ, కోరువారు ఎక్కువ అయినప్పుడు పంచుటకు ఏదో ఒక కొలత ఉండవలెను, అది ధనము కంటె పరీక్షయగుట మేలు. శిక్షణకు ధనము కావలసివచ్చుటతో ఈ సమానత్వము కూడ కొంత పలుచబడినదని అంగీకరించినను, మూలమందలి న్యాయము న్యాయమే.

అయితే పంచుటకు ఉపయోగించు కొలత వేరు, మనుష్యుని విలువ కట్టు కొలత వేరు. డెల్టాలో పుట్టినవారికి ఇది చెప్పవలసిన పని లేదు. ప్రకాశం బ్యారేజి వద్ద బయలుదేరిన నీరు ఎద్దడి సంవత్సరములలో వంతులవారీగా వచ్చును. ఎగువ పొలములకు ముందు అందును, నాగాయలంక వైపు శివారు భూములకు ఆలస్యముగా అందును, ఒక్కొక్క యేడు అందకయే పోవును. నీరు అందని శివారు చేనును చూచి దాని మన్ను చెడ్డదని ఏ రైతైనను అనునా? కాలువ పొడవు, ఆ యేటి వాన, పైవారి వాడకము, వంతు నిర్ణయము ఇవన్నియు కలిసి ఆ చేనికి నీరు లేకుండ చేసినవని అతనికి తెలియును. కోపము వచ్చినచో లాకుల వద్దకు పోయి అడుగును గాని తన భూమిని శపింపడు. ఇంత వివేకము గల జాతి తన బిడ్డల విషయమున దానిని కోల్పోవుట విచారకరము.

కోల్పోవుటకు కారణము ఒకటి కలదు. మన ఇండ్లలో చదువు అప్పుగా మారినది. పొలము అమ్మి గాని, నగలు కుదువబెట్టి గాని రెండు సంవత్సరముల హాస్టలు రుసుము కట్టిన తండ్రి ఆ మాట పైకి అనకపోయినను పిల్లవానికి తెలియును. కొందరు పైకియే అందురు. "నీ కొరకు ఎకరము అమ్మితిమి" అను వాక్యము మన ప్రాంతమున ఎన్ని భోజనపు వేళలలో వినబడుచున్నదో లెక్క లేదు. ఫిబ్రవరిలో తక్కువ పర్సంటైల్ చూచిన పిల్లవాని కంటికి ముందుగా కనబడునది తన భవిష్యత్తు కాదు, ఆ ఎకరము. తాను తీర్చలేని ఋణగ్రస్తుడనని అతడు నిశ్చయించుకొనును. నిజమైన ఆపద ఇక్కడనే ఉన్నదని నా అభిప్రాయము. తాను కోరిన సీటు పోయినచో మనుష్యుడు దుఃఖపడి లేచును. తన వలన తల్లిదండ్రులు నష్టపోయిరని నమ్మినవానికి లేచుటకు అర్హతయే కనబడదు.

బసవేశ్వరుడు కల్యాణమున బోధించిన దాసోహమునకు, లోకములోని దానమునకు గల భేదము ఇచ్చట పనికివచ్చును. దానమున ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద ఉండును. ఇచ్చినవానికి ఇచ్చితినను స్మరణ మిగులును, పుచ్చుకొన్నవానికి బరువు మిగులును. దాసోహములో ఇచ్చువాడే దాసుడు. ఇచ్చుటతోనే అతని కార్యము పూర్తియగును, ప్రతిఫలమునకు పద్దు తెరవడు. జంగమునకు, అతిథికి ఈ భావముతో పెట్టు మనము, కడుపున పుట్టిన బిడ్డకు చదువు చెప్పించుటలో వడ్డీవ్యాపారి పద్దు తెరచుట సమంజసమా? పొలము అమ్మినది నిజమే. అమ్మునప్పుడు ఆలోచింపవలసినది తండ్రి, సంతకము చేసినది తండ్రి. పదునైదేండ్ల పిల్లవాడు ఆ దస్తావేజులో సాక్షి కూడ కాడు. ఆ ధనము బిడ్డకు ఇచ్చినదో, ర్యాంకుపై పందెము కాసినదో ఆ తండ్రి తనలో తాను తేల్చుకొనవలెను. ఇచ్చినదైనచో ఫలితము ఏదైనను అది ఇచ్చినదే. పందెము కాసినదైనచో ఓడినది పందెగాడు, గుఱ్ఱమును నిందించుట న్యాయము కాదు.

శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ పాఠకులు ఎరిగినదే. రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చి నిత్యదాసోహము నడపు మారయ్య ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది మనకెందుకని, తెచ్చినచోటనే పోసిరమ్మని భర్తను వెనుకకు పంపెను. ఆమె అడిగినది ఎంత తెచ్చితివని కాదు, మన పనికి ఎంత కావలెనని. ఈ ప్రశ్నను మన ఇండ్లలో ఎవరైనను అడుగుచున్నారా? పిల్లవాడు ఇంజనీరు కావలెనని కోరిక. అందుకు ఫలానా పట్టణములోని ఫలానా శాఖయే కావలెనా, లేక అది బంధువుల పెండ్లిలో చెప్పుకొనుటకు కావలెనా? అవసరమునకు మించి కోరిన భాగము ఏదో, దుఃఖములో దాని వాటా ఎంతో ఒకమారు తూచుకొన్నచో బరువు కొంత తగ్గును. లక్కమ్మ వంటి ఇల్లాలు ఈ విషయమున ఇంటికొకరుండిన బాగుండును.

ఈ చర్చ కేవలము శాస్త్రచర్చ కాదని అందరికిని తెలియును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలో దోషములు ఉన్నవని తేలి, తప్పినవారి పత్రములన్నియు తిరిగి పరిశీలించినప్పుడు వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. తీర్పే తప్పు కావచ్చునను మాట వినుటకు కొందరు మిగిలియుండలేదు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022లో దేశమున ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు పదమూడు వేలకు పైబడిరి. పరీక్షలు అందులో ఒక కారణము మాత్రమే, కాని మనచేతిలో ఉన్న కారణము. విశాఖపట్నములో నీట్ శిక్షణ పొందుచు 2023లో మరణించిన ఒక బాలిక కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికిని మార్గదర్శకములు ఇచ్చినది. నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలలో శిక్షణ పొందిన మానసిక సలహాదారుడు ఉండవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీసి అవమానింపరాదనియు అందులో ఉన్నది. న్యాయస్థానము చెప్పువరకు మనకు తోచకపోవుట గమనింపదగినది.

మరి ఆ సాయంకాలము ఇంటిలో ఏమి చేయవలెను? మొట్టమొదట, దుఃఖమును దుఃఖముగా ఉండనీయవలెను. "ఇదేమంత పెద్ద విషయము కాదు" అనుట ఓదార్పు కాదు. రెండు సంవత్సరములు ఇదే పెద్ద విషయమని చెప్పినది మనమే గదా. ఒక్క గడియలో మాట మార్చినచో పిల్లవాడు మన మొదటి మాటను నమ్మవలెనా, రెండవదానినా? "ఏప్రిల్ ఉన్నది గదా" అను మాట నిజమే, చెప్పవలసినదే. కాని కన్నీరు ఆరకముందే చెప్పినచో ఏడ్చుటకు కూడ సమయము లేదన్నట్లు వినబడును. మరునాడు చెప్పవచ్చును, ఎల్లుండి చెప్పినను మించిపోయినది లేదు. ఆ రాత్రికి అన్నము తినిపించుట, ఫోనులు మనమే ఎత్తి బంధువులకు పొడిగా ఒక్క మాట చెప్పి పెట్టివేయుట, గదిలో ఒంటరిగా విడువక, మాటలతో వేధింపక సమీపమున ఉండుట చాలును. పిల్లవాడు మాటలాడుట మానివేసినను, నిద్రాహారములు మానినను, బ్రతికి లాభము లేదను ధోరణిలో ఏమైనను అనినను దానిని బెదిరింపుగా తీసికొనక వైద్యుని వద్దకు కొనిపోవలెను. ప్రభుత్వము 2022 అక్టోబరు నుండి నడపుచున్న టెలీమానస్ 14416 నంబరుకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. జ్వరమునకు వైద్యుని పిలుచుటకు సిగ్గుపడము, దీనికి సిగ్గుపడుట దేనికి?

పిమ్మట ముందస్తు ఫలితము వలన కలుగు ఏకైక మేలును ఉపయోగించుకొనవలెను. అది సమయము. ఏ అధ్యాయములలో ఎన్ని తప్పినవో సమాధానముల కీతో పోల్చి చూచినచో సంఖ్యలో లేని సంగతులు తెలియును. తెలియక తప్పినవి ఎన్ని, తొందరలో తప్పినవి ఎన్ని, భయముతో వదలినవి ఎన్ని అని మూడు కుప్పలు పోయవచ్చును. కొందరికి ఈ లెక్క చూచిన పిమ్మట రెండవ విడతపై ఆశ పెంచుకొనుటకంటె ఇంటర్ పరీక్షలు, రాష్ట్ర ప్రవేశపరీక్షపై శ్రద్ధ నిలుపుట మేలని తోచును. అదియు ఓటమి కాదు, సార్వా దెబ్బతినినప్పుడు దాళ్వాకు మినుము చల్లవలెనా వరి వేయవలెనా అని రైతు ఆలోచించుట వంటిది. అమెరికాలో వేచియుండుమన్న సమాధానము వచ్చిన పిల్లలకు మాత్రము ఒక మాట. ఆ మూడు నెలలు ఆ ఒక్క ద్వారము వద్దనే కూర్చుండరాదు. వాగ్దానపత్రముపై చేసిన ప్రతిజ్ఞ పిలుపు రానప్పుడు బంధింపదు. మిగిలిన దరఖాస్తులకు జనవరి మొదటి వారమే గడువు గనుక, డిసెంబరు చివర వ్రాయవలసిన వ్యాసములు వ్రాయవలసియే ఉండును.

చివరగా పొరుగింటి విషయము. మన పిల్లవానికి తక్కువ వచ్చిన సాయంకాలముననే పక్క వాటాలోని పిల్లవానికి తొంబదితొమ్మిది వచ్చియుండవచ్చును. ఇద్దరును ఆరవ తరగతినుండి కలిసి బస్సెక్కినవారు. బెంజి సర్కిలు వద్ద నిలువెత్తు ఫ్లెక్సీలపై ముఖములు, ర్యాంకులు వేయుట కళాశాలల వ్యాపారము, దానిని మనము ఆపలేము. కాని మన మెట్లమీద మనము ఏమి చేయుదుమో అది మన చేతిలోనిదే. గెలిచినవాని ఇంటివారు ఆ సాయంకాలముననే మిఠాయి పంచవలెనా? బిడ్డ కష్టపడినాడు, సంతోషము సహజము, దానిని దాచుకొనుమనుట అన్యాయమే. అయినను పూతరేకులు మరునాటికి పాడగునవి కావు. ఆ రాత్రికి పెట్టె విప్పక, గెలిచిన పిల్లవానినే వట్టి చేతులతో స్నేహితుని ఇంటికి పంపుడు. వారిద్దరు ఏమి మాట్లాడుకొందురో వారికే తెలియును, బహుశః క్రికెట్టు గూర్చి మాట్లాడుకొందురు.